కరెంటు ఉచితమే... కాలిన మోటారుకు ఖర్చెవరిది?

వోల్టు, ఆంపియరు, ఓము లెక్క బోరు రైతుకు తెలిసి ఉండాలి

పలమనేరు: ఎండాకాలంలో త్రీఫేజు కరెంటు వచ్చే వేళకు ఇక్కడి పొలాల్లో ఒకటే సందడి. స్టార్టర్లు టకటకమని కొట్టుకుంటాయి. ఒక్క నిమిషంలో ఊరి మోటార్లన్నీ మూలగడం మొదలుపెడతాయి. కొన్ని బోర్లలో నీళ్లు ఎగదన్నుకుని వస్తాయి. కొన్నిట్లో మోటారు మూలిగి, స్టార్టరు పడిపోతుంది. మళ్లీ నొక్కితే మళ్లీ పడిపోతుంది. మూడోసారికి రైతు విసుగెత్తి, స్టార్టరు పడిపోకుండా పుల్ల అడ్డం పెడతాడు. సాయంత్రానికి టమోటా తోట ఎండుముఖం పడుతుంది. మరునాడు పైపులు ఎత్తే బండి వస్తుంది. కాలిన మోటారు వైండింగు షాపు చేరుతుంది.

'ఏమన్నా, మళ్లా కాలిందా?' అని మెకానిక్కు అడిగితే, 'ఏం జేసేదప్పా, కరెంటు సరిగా రావడం లేదు' అనే జవాబు ఏ షాపు ముందు నిలబడినా వినిపిస్తుంది. జవాబులో నిజం లేకపోలేదు. అయితే అది సగం నిజమే. కరెంటు ఎంత తక్కువైంది? ఎక్కడ తక్కువైంది? తీగలోనా, ట్రాన్స్‌ఫార్మరు దగ్గరనా, బోరు లోపలనా? ఈ ప్రశ్నలకు జవాబు తెలుసుకోవడానికి ఇంజనీరే కానక్కరలేదు. స్టార్టరు పెట్టె మీద ఉన్న రెండు ముళ్లు చూడగలిగి, గుణకారం, భాగహారం వస్తే చాలు.

కపిల నుంచి వెయ్యి అడుగుల బోరుకు

మొగిలి కనుమ ఎక్కితే వచ్చే ఈ మెట్ట ప్రాంతానికి ఏడాది పొడవునా పారే నది లేదు. కౌండిన్య వానల మీద ఆధారపడిన ఏరే. చెరువు నిండితే వరి, లేకుంటే బావి కింద సేద్యం. బావి మీద కపిల కట్టి, ఎద్దులను ముందుకు వెనక్కు నడిపి, తోలు బానతో నీళ్లు తోడిన కాలం పెద్దవాళ్లకు గుర్తుంది. 1959లో ఏర్పడిన రాష్ట్ర విద్యుచ్ఛక్తి బోర్డు హయాంలో పల్లెలకు లైన్లు వచ్చి, కపిల స్థానంలో కరెంటు మోటారు కూర్చుంది. బావి ఎండాక బోరు వచ్చింది. బోరు అడుగంటాక మరింత లోతు బోరు వచ్చింది. వెయ్యి అడుగులు అన్న మాట ఇప్పుడు జిల్లాలో ఎవరినీ ఆశ్చర్యపరచదు.

బోర్డు 1999లో విడిపోయింది. 2000 నుంచి ఈ ప్రాంతానికి తిరుపతి కేంద్రంగా పనిచేసే దక్షిణ ప్రాంత పంపిణీ సంస్థ కరెంటు ఇస్తోంది. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు అమలులోకి వచ్చింది. అప్పటినుంచి రైతుకు కరెంటు బిల్లు భయం పోయింది. దానితోబాటు మీటరు వంక చూసే అలవాటూ పోయింది. కరెంటు ఉచితమే కాని, మోటారు కాలితే రీవైండింగు ఉచితం కాదు. పైపులు ఎత్తే కూలి ఉచితం కాదు. నాలుగు రోజులు తడి లేక పూత రాలిన టమోటాకు, వాడిపోయిన మల్బరీకి, దాన్ని నమ్ముకున్న పట్టుపురుగుకు పరిహారం ఇచ్చేవారూ లేరు. అందుకే ఈ లెక్క రైతుకు కావాలి.

మూడు మాటలు, రెండు సూత్రాలు

మిద్దె మీద నీళ్ల తొట్టి ఉందనుకుందాం. తొట్టి ఎంత ఎత్తులో ఉంటే కొళాయి దగ్గర నీటికి అంత ఒత్తిడి. కరెంటులో ఆ ఒత్తిడి పేరు వోల్టేజి. దానిని వోల్టులలో కొలుస్తారు. నిమిషానికి ఎన్ని బిందెలు పారాయన్నది ప్రవాహం. కరెంటులో దాన్ని ఆంపియర్లలో కొలుస్తారు. సన్నని పైపు నీటిని అడ్డుకుంటుంది, లావు పైపు ధారాళంగా వదులుతుంది. పైపు పొడుగైతే అడ్డు మరీ ఎక్కువ. తీగలోని ఆ అడ్డును నిరోధం అంటారు. దాని కొలత ఓము.

ఈ మూడింటికీ ఉన్న సంబంధాన్ని జర్మనీలో తాళాలు చేసేవాని కొడుకు, పాఠశాల ఉపాధ్యాయుడు అయిన జార్జ్ సైమన్ ఓమ్ 1827లో పుస్తకంగా ప్రకటించాడు. ఆయన పేరే ఆ కొలతకు నిలిచింది. మొదటి సూత్రం ఇది: వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే ఓములు వస్తాయి. ఆంపియర్లను ఓములతో గుణిస్తే వోల్టులు వస్తాయి.

రెండో సూత్రం శక్తిది. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. వెయ్యి వాట్లు ఒక కిలోవాటు. అది గంటసేపు వాడితే ఒక యూనిట్. వాటు అన్న పేరు స్కాట్లండుకు చెందిన జేమ్స్ వాట్‌ది. తన ఆవిరి యంత్రం ఎన్ని గుర్రాలకు సమానమో కొనేవాళ్లకు చెప్పడానికి ఆయన అశ్వశక్తి అనే కొలత పెట్టాడు. మన మోటారు మీద రాసి ఉండే 'హెచ్‌పీ' అదే. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు. కపిల ఎద్దులను ఇన్నని లెక్కపెట్టుకున్నట్టే ఇదీను.

ఇంట్లో ఇస్త్రీ పెట్టెతో లెక్క చేసి చూద్దాం. దాని మీద 230 వోల్టులు, 1000 వాట్లు అని ఉంది. వెయ్యిని 230తో భాగిస్తే 4.35 ఆంపియర్లు. 230ని 4.35తో భాగిస్తే దాదాపు 53 ఓములు. అది దాని నిరోధం. ఇక వోల్టేజి 180కి పడిపోయిందనుకుందాం. నిరోధం దాదాపు మారదు గనుక 180ని 53తో భాగిస్తే 3.4 ఆంపియర్లు. 180ని 3.4తో గుణిస్తే 612 వాట్లు. వోల్టేజి అయిదో వంతుకు కాస్త ఎక్కువ తగ్గితే వేడి దాదాపు రెండు వంతులు తగ్గింది. ఇస్త్రీ ఆలస్యమవుతుంది, అంతే. పెట్టె పాడుకాదు.

పెట్టె చల్లారుతుంది, మోటారు మండుతుంది

అందరూ పొరబడేది సరిగ్గా ఇక్కడే. వోల్టేజి తగ్గితే ఇస్త్రీ పెట్టె తక్కువ కరెంటు తీసుకుంది గనుక మోటారూ తక్కువే తీసుకుంటుందని, నీళ్లు కాస్త తక్కువ పోస్తుందని, అంతకు మించి నష్టం లేదని అనుకుంటారు. జరిగేది దానికి విరుద్ధం.

కాలని మోటారు వైండింగును మల్టీమీటరుతో కొలిస్తే రెండు మూడు ఓములకు మించి చూపకపోవచ్చు. మొదటి సూత్రం ప్రకారం 415ని 3తో భాగిస్తే 138 ఆంపియర్లు రావాలి. నిజానికి నడుస్తున్న మోటారు పద్నాలుగు పదిహేను ఆంపియర్లే తీసుకుంటుంది. కారణం, తిరిగే మోటారు తన లోపల తానే ఒక ఎదురు వోల్టేజిని పుట్టించుకుంటుంది. అది కరెంటును అదుపులో పెడుతుంది. తిరగడం ఆగితే ఆ అదుపు లేదు. అందుకే స్టార్టు చేసిన క్షణంలో మోటారు అయిదారు రెట్లు ఎక్కువ కరెంటు గుంజుతుంది. ఇసుక పట్టి బిగిసిన మోటారు అదే విధంగా గుంజుతూనే ఉండి కాలిపోతుంది.

వోల్టేజి తగ్గినప్పుడు కూడా, పైకి ఎత్తవలసిన నీటి బరువు తగ్గదు. బోరు లోతు తగ్గదు. మోటారు దాదాపు అంతే పని చేయాలి. వోల్టులను ఆంపియర్లతో గుణించిన లబ్ధం నిలబడాలంటే, వోల్టులు తగ్గినకొద్దీ ఆంపియర్లు పెరగక తప్పదు.

ఏడున్నర హెచ్‌పీ మోటారుకు లెక్క చూద్దాం. 7.5ని 746తో గుణిస్తే 5,595 వాట్లు. ఇది మోటారు చేసే పని. లోపలి నష్టాలు పోను నూటికి 70 పాళ్లు మాత్రమే పనిగా మారుతుందనుకుంటే, అది తీసుకోవలసింది సుమారు 8,000 వాట్లు. మూడు ఫేజుల మోటారుకు సూత్రంలో రెండు అంకెలు అదనంగా చేరతాయి. ఒకటి 1.732. రెండవది పవర్ ఫ్యాక్టర్, దానిని 0.8 అనుకుందాం. వోల్టులు, 1.732, 0.8 మూడింటినీ గుణించి, ఆ వచ్చినదానితో వాట్లను భాగిస్తే ఆంపియర్లు తెలుస్తాయి.

415 వోల్టులు ఉంటే: 8,000ను 575తో భాగిస్తే సుమారు 14 ఆంపియర్లు.

350 వోల్టులు ఉంటే: 8,000ను 485తో భాగిస్తే 16.5 ఆంపియర్లు.

రెండున్నర ఆంపియర్లే కదా అనిపిస్తుంది. కాని తీగలో పుట్టే వేడికి వేరే లెక్క ఉంది. ఆంపియర్లను ఆంపియర్లతోనే గుణించి, దానిని మళ్లీ ఓములతో గుణించాలి. దీనిని ఇంగ్లండుకు చెందిన జూల్ 1841లో తేల్చాడు. 14ను 14తో గుణిస్తే 196. 16.5ను 16.5తో గుణిస్తే 272. అంటే వైండింగులో వేడి దాదాపు 40 శాతం పెరిగిందన్నమాట. పది డిగ్రీల వేడి పెరిగితే వైండింగు పూత ఆయుష్షు సగమవుతుందని ఇంజనీర్లు ఒక మోటు లెక్క వాడుతారు. మోటారు ఒక్కరోజులో చావదు. రోజూ కాస్త కాస్త కాగి, ఒకనాడు చస్తుంది. ఆనాటి కరెంటును తిట్టి ప్రయోజనం లేదు.

వోల్టేజి దొంగ బోరులోనే ఉండవచ్చు

ఎల్‌టీ లైను వోల్టేజి నిర్ణీత స్థాయికి నూటికి 6కు మించి తగ్గరాదన్నది నిబంధన. 415లో 6 శాతం తీసేస్తే 390. స్టార్టరు దగ్గర 390 ఉందనుకుందాం. లైనుది తప్పు లేదు. అయినా మోటారు కాలుతోంది. ఎందుకు?

స్టార్టరు నుంచి మోటారు దాకా వెళ్లే కేబులును చూడాలి. వెయ్యి అడుగులంటే 305 మీటర్లు. డబ్బు మిగులుతుందని 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులు దించారనుకుందాం. దానికి కిలోమీటరుకు సుమారు 8 ఓముల నిరోధం. 305 మీటర్లకు 2.4 ఓములు. 14 ఆంపియర్లతో గుణిస్తే ఒక్కో తీగలో 33.6 వోల్టులు. దీనిని 1.732తోనూ, 0.8తోనూ గుణిస్తే దాదాపు 46 వోల్టులు దారిలోనే పోయాయి. పైన 390 చూపుతున్నా అడుగున మోటారుకు అందేది 344. పైన చూసిన 350 కంటే తక్కువ!

ఆ 46 వోల్టులు ఏమయ్యాయి? వేడి అయ్యాయి. 196ను 2.4తో గుణిస్తే 470 వాట్లు. మూడు తీగలకు 1,410 వాట్లు. అంటే దాదాపు రెండు హెచ్‌పీ! ఏడున్నర హెచ్‌పీ మోటారుకు కరెంటు పంపుతూ, రెండు హెచ్‌పీతో బోరును కాచుకుంటున్నామన్నమాట. తొమ్మిది గంటలు నడిస్తే 12 యూనిట్ల పైచిలుకు నీటి చుక్క ఎత్తకుండానే పోతుంది.

అదే 6 చదరపు మిల్లీమీటర్ల కేబులైతే కిలోమీటరుకు సుమారు 3.3 ఓములు. మన లోతుకు ఒక ఓము. దారిలో పోయేది 20 వోల్టుల లోపే. వేడికి పోయేది 590 వాట్లు. కేబులుకు ఒకసారి పెట్టే అదనపు ఖర్చును, ఒక్కసారి మోటారు ఎత్తి, చుట్టించి, దించే ఖర్చుతో పోల్చి చూసుకోవడం రైతు పని. బోరు ఏటా లోతుకు పోతున్నా కేబులు మాత్రం పాత 300 అడుగుల నాటి లావే ఉంచి, ముక్కలు అతికించి పొడిగించడం చాలాచోట్ల ఉన్న అలవాటు. ప్రతి అతుకూ ఒక నిరోధమే. అతుకు వదులైతే అక్కడే కాగి, అక్కడే తెగుతుంది.

ఒక ట్రాన్స్‌ఫార్మరు, ఎన్ని మోటార్లు?

ఇది ఒక్క రైతు లెక్క కాదు, ఊరి లెక్క. ట్రాన్స్‌ఫార్మరు మీద 63 కేవీఏ అని రాసి ఉంటే, 63,000ను 1.732తోనూ, 433 వోల్టులతోనూ భాగించాలి. 84 ఆంపియర్లు వస్తుంది. మన ఏడున్నర హెచ్‌పీ మోటార్లు ఒక్కోటి 14 ఆంపియర్ల చొప్పున ఆరు. ఏడోది తగిలిస్తే ట్రాన్స్‌ఫార్మరుకు మోయలేని బరువు. 100 కేవీఏ అయితే 133 ఆంపియర్లు, అంటే తొమ్మిది మోటార్లు. 25 కేవీఏ అయితే రెండే.

స్టార్టింగు కరెంటు సంగతి చూడండి. నేరుగా స్టార్టు చేస్తే ఒక్క మోటారు ఆరు రెట్లు, అంటే 84 ఆంపియర్లు గుంజగలదు. ఒక్కటే మొత్తం 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు బరువు! అన్ని పొలాల్లోనూ ఆటో స్టార్టర్లు పెట్టి, కరెంటు రాగానే ఆరు మోటార్లూ ఒకేసారి లేస్తే వోల్టేజి కుప్పకూలక ఏమవుతుంది? మోటార్లు లేవవు, లేవలేక కాగుతాయి, ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజు పోతుంది. ఒకే ట్రాన్స్‌ఫార్మరు కింది రైతులు మాట్లాడుకుని, ఒకరి తర్వాత ఒకరు రెండేసి నిమిషాల ఎడంతో వేసుకుంటే ఈ తంటా ఉండదు. ఆటో స్టార్టరు ఉన్నవారు దానికి టైమరు పెట్టించుకోవచ్చు. చెప్పకుండా ఒక మోటారు అదనంగా తగిలించినా, అయిదు హెచ్‌పీ అని రాయించి పది దించినా, ఆ భారం పక్క పొలంవాడి వైండింగు మీద పడుతుంది. ఇది దాయాదుల గట్టు తగాదా లాంటిదే. కనిపించదు, అంతే తేడా.

లైన్లు పొడుగై వోల్టేజి పడిపోకుండా, 11 వేల వోల్టుల లైనునే పొలాల దాకా తెచ్చి, కొద్దిమంది రైతులకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు బిగించే పద్ధతి రాష్ట్రంలో అమలులోకి రావడానికి కారణం కూడా ఇదే ఓము సూత్రం. వోల్టేజి ఎక్కువైతే అదే శక్తికి ఆంపియర్లు తక్కువ, ఆంపియర్లు తక్కువైతే దారిలో నష్టం మరీ తక్కువ.

కెపాసిటరు చేసే మేలు

పవర్ ఫ్యాక్టర్ 0.8 అంటే, లైనులో వచ్చే కరెంటులో కొంత పనికి కాక మోటారులో అయస్కాంతాన్ని నిలపడానికి తిరుగుతోందని అర్థం. కెపాసిటరు ఆ భాగాన్ని దగ్గరనుంచే సమకూరుస్తుంది. పవర్ ఫ్యాక్టర్ 0.95కు పెరిగితే, మన మోటారుకు లైనునుంచి వచ్చే కరెంటు 14 నుంచి సుమారు 11.7 ఆంపియర్లకు దిగుతుంది. అయిదు హెచ్‌పీకి 2, ఏడున్నరకు 3, పదికి 4 కేవీఏఆర్ కెపాసిటరు వాడుక. ఉచిత విద్యుత్తు పథకంలో కెపాసిటరు, ఐఎస్‌ఐ మోటారు షరతులుగా పెట్టింది ఇందుకే. ఒక్క సంగతి మరవరాదు. స్టార్టరు దగ్గర పెట్టిన కెపాసిటరు ట్రాన్స్‌ఫార్మరు నుంచి స్టార్టరు దాకా ఉన్న లైనుకే మేలు చేస్తుంది. బోరులోని సన్న కేబులును అది లావు చేయదు.

రెండు ముళ్లు చెప్పే కబుర్లు

స్టార్టరు పెట్టె మీద వోల్టు మీటరు, ఆంపియరు మీటరు పనిచేసే స్థితిలో ఉంచుకోవాలి. కొత్త మోటారు దించిన రోజు, నీళ్లు బాగా పోస్తున్నప్పుడు, ఆ రెండు అంకెలూ పెట్టె తలుపు లోపల సున్నంతోనైనా రాసి పెట్టుకోవాలి. అదే మీ మోటారు జాతకం. తరువాత రోజూ పోల్చి చూసుకోవాలి.

వోల్టులు తగ్గి ఆంపియర్లు పెరిగితే: లైనులో వోల్టేజి లేదు. ఆ పూటకు ఆపడమే మేలు.

వోల్టులు సరిగా ఉండి ఆంపియర్లు పెరిగితే: బోరులో ఇసుక, అరిగిన బేరింగు లేదా పంపు బిగుసుకోవడం. మోటారు కాలకముందే ఎత్తించాలి.

వోల్టులు సరిగా ఉండి ఆంపియర్లు బాగా తగ్గితే: సంతోషించరాదు. బోరులో నీళ్లు అయిపోయాయి. మునిగి ఉండే మోటారును చల్లబరిచేది ఆ నీళ్లే. ఉత్తగా తిరిగినా కాలుతుంది.

మూడు ఫేజుల్లో ఆంపియర్లు సమానంగా లేకుంటే: ఒక ఫేజు బలహీనం, లేదా ఒక కనెక్షను వదులు. ఒక ఫేజు పూర్తిగా పోతే మిగిలిన రెండు తీగలు సుమారు 1.7 రెట్లు మోయాలి. జూల్ లెక్కన వేడి మూడు రెట్లు. నిమిషాల్లో మోటారు బూడిద. సింగిల్ ఫేజ్ ప్రివెంటరు పెట్టుకోవడం ఇందుకే.

స్టార్టరులోని రిలే మోటారు ఆంపియర్లకు సరిగా తిప్పి ఉంటే, ఆంపియర్లు మితిమీరినప్పుడు అదే గమనించి ఆపేస్తుంది. స్టార్టరు పడిపోవడం రోగం కాదు, రోగం ఉందని చెప్పే కేక. దానికి పుల్ల అడ్డం పెట్టడం, ఫ్యూజు బదులు లావు తీగ చుట్టడం, కేకవేసే కాపలావాని నోరు కట్టేయడమే.

ఒక హెచ్చరిక. మీటరు ముల్లు చూడటం రైతు పని. పెట్టె విప్పి తీగలు ముట్టుకోవడం వైరుమన్ పని. ట్రాన్స్‌ఫార్మరు ఎక్కి ఫ్యూజు వేయడం లైన్‌మన్ పని. ఆయన రావడం ఆలస్యమైతే 1912కు ఫోను చేయాలి గాని, నీళ్లు పారే మడిలో తడి కాళ్లతో దిమ్మె ఎక్కరాదు. మన ఒంటికీ ఓముల లెక్క వర్తిస్తుంది. తడి చర్మానికి నిరోధం తక్కువ, అందువల్ల ప్రాణం తీసే కరెంటు సులువుగా పారుతుంది. మోటారు కాలితే చుట్టించుకోవచ్చు.

హైస్కూలు చదివే పిల్లలకు ఓమ్ సూత్రం పాఠంలోనే ఉంది. సెలవు రోజున పొలానికి తీసుకుపోయి, ముళ్లు చూపించి, 'మన మోటారు లెక్క కట్టరా నాయనా' అని అడిగి చూడండి. పరీక్షలో రెండు మార్కులు తెచ్చే ఆ లెక్క, పొలంలో ఒక పంటను నిలబెట్టగలదు.